కలరా ఉండలు తీసెయ్యాలా?

తమ్ముడు: అక్కా, బీరువాలో ఈ కలరా ఉండలు పారేద్దాం. కెమికల్ అది. ఇంట్లో ఏదున్నా ప్రకృతి సిద్ధంగా ఉండాలి.

అక్క: పారేద్దాం. కానీ నువ్వు చెప్పే కారణం తప్పురా. వెనిగర్‌లో ఉన్న ఎసిటిక్ ఆమ్లం కూడా కెమికలే.

తమ్ముడు: అది పులిస్తే వచ్చేది. ఫ్యాక్టరీలో పుట్టింది కాదు.

అక్క: పుట్టుక చూసి మంచీ చెడూ తేల్చేస్తావా? 1828లో వోలర్ అనే శాస్త్రవేత్త ల్యాబులో అమ్మోనియం సయనేట్ అనే లవణాన్ని వేడి చేస్తే యూరియా వచ్చింది. మూత్రంలోంచి తీసిన యూరియాకీ దానికీ తేడా లేదు. అణువుకి పుట్టిల్లు గుర్తుండదు. ఇథనాల్, మిథనాల్ చూడు. రెండూ నీళ్లలా ఉంటాయి, రెండూ మండుతాయి, తేడా ఒక్క కార్బన్. ఇథనాల్ శానిటైజర్‌లో పోసి చేతులకు రాసుకుంటాం. మిథనాల్ కడుపులోకి పోతే ముందు ఫార్మాల్డిహైడ్, తర్వాత ఫార్మిక్ ఆమ్లం అయి కంటి నరాన్ని తినేస్తుంది. పండ్లు పులిసేటప్పుడు వాటిలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం నుంచి ఈ మిథనాల్ కాస్త పుడుతుంది కూడా. మరి ప్రకృతి సిద్ధమే కదా! ఆ విషానికి విరుగుడుగా డాక్టర్లు ఇథనాల్ ఎక్కించడమూ ఉంది. ఎందుకంటే మిథనాల్‌ను విషంగా మార్చే ఎంజైమును ఇథనాల్ ముందే ఆక్రమించేస్తుంది. చూడాల్సింది అణువు నిర్మాణం, మోతాదు.

తమ్ముడు: నిర్మాణమా? బెంజీన్ అనే ద్రవం ఉంది కదా, దాని అణువు ఆరు కార్బన్ల వలయమని కెకులే అనే శాస్త్రవేత్త 1865లోనే చెప్పాడు. ఆ తర్వాత కూడా కాఫీ గింజల్లోంచి కెఫీన్ తియ్యడానికి అదే బెంజీన్ వాడారు. రక్త కేన్సర్ తెస్తుందని తర్వాతెప్పుడో ఒప్పుకున్నారు. బొమ్మ గీసినంత మాత్రాన ఏం తెలిసింది? అందుకే నేను సేంద్రియం అని రాసి ఉంటేనే కొంటాను.

అక్క: బెంజీన్ కూడా సేంద్రియమే.

తమ్ముడు: కాదు, అది కర్బన రసాయనం. పాఠ్యపుస్తకంలో అలాగే ఉంది.

అక్క: ఇంగ్లీషులో రెండింటికీ ఆర్గానిక్ అన్న ఒకటే మాట. పొలానికి సేంద్రియమనీ, ల్యాబుకి కర్బనమనీ మనం విడగొట్టుకున్నాం.

తమ్ముడు: విడగొట్టుకోవడమే మంచిదైంది. మాట మారిస్తే బెంజీన్ మంచిదైపోదు.

అక్క: సరే, మాట సంగతి వదిలేద్దాం. బెంజీన్ విషయంలో నీదే నిజం. నిర్మాణం తెలిస్తే చాలదు, ఒంట్లోకి వెళ్లాక అది ఏం చేస్తుందో ఓపిగ్గా చూడాలి. ఇదిగో, ఈ కలరా ఉండనే చూడు. పెట్టినప్పుడు గోళీ అంత ఉండేది, ఇప్పుడు బఠాణీ అంతైంది. కింద గుడ్డకి తడి లేదు, మరక లేదు. దీన్లో ఉన్న నాఫ్తలీన్ కరగకుండానే ఘనం నుంచి నేరుగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరికే బట్టల పురుగు చస్తుంది. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న పసిపిల్లలకు అదే ఆవిరి తగిలితే ఆ కణాలు పగిలిపోతాయి, కామెర్లు ముదురుతాయి.

తమ్ముడు: పాప దుప్పట్లు ఈ అరలోనే ఉన్నాయి కదా!

అక్క: అందుకే తీసెయ్యమంటున్నాను. ఉండలు పారేస్తే సరిపోదు, దుప్పట్లన్నీ ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరేద్దాం. పట్టు, ఆ కొస నువ్వు పట్టుకో.