కొలిచేదీ వాళ్లే, గెలిచేదీ వాళ్లే

గురువారం వచ్చిందంటే చాలు, వార్తా ఛానళ్ల తెరల మీద 'మేమే నంబర్‌ వన్‌' పట్టీలు పరుగులు తీస్తాయి. ఒకరిది పట్టణాల్లో ఆధిక్యం, ఇంకొకరిది రాత్రి తొమ్మిది గంటల స్లాట్‌లో, మరొకరిది ఫలానా వయసు మగవాళ్లలో. అందరూ మొదటివాళ్లే అయిన ఈ వింత పోటీకి లెక్కలు కట్టేది బార్క్‌, అంటే ఏ ఛానల్‌ను ఎంతమంది చూస్తున్నారో కొలిచి రేటింగులిచ్చే సంస్థ. అందులో 60 శాతం వాటా బ్రాడ్‌కాస్టర్ల, అంటే ఛానళ్లు నడిపేవాళ్ల సంఘానిది! మిగతాది ప్రకటనకర్తల, యాడ్‌ ఏజెన్సీల సంఘాలది. పరీక్ష రాసినవాళ్ల చేతికే జవాబు పత్రాలు దిద్దే పనీ అప్పగించారన్నమాట.

ఉమ్మడి సంస్థలో ఏ ఒక్కరి పెత్తనమూ సాగదని, విదేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయని పరిశ్రమ అంటోంది. ఉంటే ఉండొచ్చు. ఇక్కడ జరిగింది చూద్దాం.

దేశంలో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 23 కోట్లు. ఏ ఛానల్‌ చూస్తున్నారో నమోదు చేసే బార్క్‌ మీటర్లున్నవి 58 వేలకు అటూఇటూ. ఆ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ తమ బటన్‌ నొక్కాలి. ఛానల్‌ ధ్వనిలో చెవికి అందకుండా కలిపిన గుర్తును (వాటర్‌మార్క్‌) మీటరు పసిగడుతుంది. యంత్రంతో మాకు పేచీ లేదు. నాలుగు వేల ఇళ్ల తరఫున ఒక్క ఇల్లు తీర్పు చెబుతున్నప్పుడు, ఆ ఇంటి గుట్టు రట్టయితే ఏమవుతుందన్నదే ప్రశ్న. మీటరున్న ఇళ్లవాళ్ల చేతిలో నెలకు నాలుగైదు వందలు పెట్టి కొన్ని ఛానళ్లనే పెట్టించారని 2020లో ముంబయి పోలీసులు ఆరోపించారు. ఆ అక్టోబరులో ఆగిన వార్తా ఛానళ్ల రేటింగులు 2022 మార్చిలో గానీ మళ్లీ రాలేదు. వచ్చాక నాలుగు వారాల సగటు లెక్క పెట్టారు. యాజమాన్యం జోలికి మాత్రం పోలేదు.

ల్యాండింగ్‌ పేజీ సంగతి మరీ అన్యాయం. సెట్‌టాప్‌ బాక్స్‌ వేయగానే మనం అడగని ఛానల్‌ ప్రత్యక్షమవుతుంది. డబ్బు పోసి కొన్న చోటు అది. అలా వచ్చిన వీక్షణను లెక్కలోంచి వడపోస్తున్నామని బార్క్‌ చెబుతూనే ఉంటుంది, కొనేవాళ్లు కొంటూనే ఉంటారు. 2018లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్‌ అడ్డుకోబోతే, ఆ రంగాల వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌ టీడీశాట్‌లో ఆ ఆదేశం నిలవలేదు. కొన్నదెవరు? ఛానళ్లు. కొలిచే సంస్థలో పెద్ద వాటా ఎవరిది? వాళ్లదే.

రేటింగ్‌ సంస్థలోనూ ఛానల్లోనూ ఒకరికే గణనీయ వాటా ఉండకూడదని 2014 మార్గదర్శకాల్లో రాసింది కేంద్రమే. పరిశ్రమ నడిపే సంస్థకు మినహాయింపు ఇచ్చిందీ కేంద్రమే. బోర్డులో సగం మంది స్వతంత్ర సభ్యులుండాలని, మూడు సంఘాలకూ సమాన ఓటు ఉండాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్‌ సిఫారసు చేస్తే, ఏళ్ల తరబడి నానబెట్టారు. మీటర్లు పెంచుతామంటూ ఊరించడం ఇక చాలు. లక్ష పెట్టినా లెక్క వాళ్ల చేతిలోదే. ముందు ఆ 60 శాతం సంగతి తేల్చండి.