పొగగొట్టంలో పోయే వేడికి లెక్క ఏది?

సముద్రపు నీటిని మరిగించి మంచినీరు తీసే పద్ధతి పని అయిపోయిందని ఇంజినీర్లలో చాలామంది తేల్చేశారు. ఒకప్పుడు దాన్నే నమ్ముకున్న గల్ఫ్ దేశాలు కూడా నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా నెట్టి వడకట్టే ఆర్వో బాట పట్టాయి. వాళ్ల వాదనలో బలం ఉంది. వెయ్యి లీటర్ల మంచినీటికి ఆర్వోకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు చాలు. అవే వెయ్యి లీటర్లను ఆవిరి చేయాలంటే 620 యూనిట్ల కరెంటుకు పైగా సరితూగే వేడి కావాలి.

కానీ ఆ వేడి ఒక్కసారితో ఖర్చయిపోదు. మొదటి గదిలో పుట్టిన ఆవిరి రెండో గదిలోని గొట్టాల్లో చల్లబడి నీరవుతూ, తన వేడిని అక్కడి ఉప్పునీటికి ఇచ్చేస్తుంది. గది గదికీ ఒత్తిడి తగ్గిస్తారు కాబట్టి నీరు ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. ఇలా పది గదులు దాటిస్తే ఖర్చు 70 యూనిట్ల దగ్గరికి దిగుతుంది. పైగా మొదటి గదికి కావాల్సింది 70 డిగ్రీల లోపు వేడే. దానికోసం కొత్తగా బొగ్గు కాల్చడం శుద్ధ దండగ. మరి ఇప్పటికే కాల్చిన బొగ్గు సంగతేంటి?

థర్మల్ కేంద్రంలో వంద పాళ్ల వేడి పుడితే కరెంటయ్యేది నలభై లోపే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కూలింగ్ టవర్లలోంచి, కొంత పొగగొట్టంలోంచి పోతుంది. పైకి పోయే పొగే 120 నుంచి 140 డిగ్రీలుంటుంది. అంతకంటే చల్లబరిస్తే బొగ్గులోని గంధకం వల్ల ఆమ్లం పేరుకుని ఇనుము తినేస్తుందని భయం. మన బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఇంకొంత వేడి లాగే వీలుంది. విశాఖ దగ్గర సింహాద్రిలో ఎన్టీపీసీ ఇలా పొగ వేడితోనే సముద్రపు నీటిని శుద్ధి చేసే ప్లాంటు పెట్టింది. లక్షద్వీప్‌లోని కవరత్తిలోనైతే 2005 నుంచి బొగ్గూ లేదు, పొగా లేదు. సముద్రం పైనీటికీ లోతునీటికీ ఉన్న వేడి తేడాతోనే రోజుకు లక్ష లీటర్లు తీసేలా ప్లాంటు కట్టారు.

సముద్రమే లేని మన తెలంగాణకెందుకిదంతా అనుకోవద్దు. రామగుండం, మంచిర్యాల జిల్లా జైపూర్, భూపాలపల్లి జిల్లా చెల్పూరు థర్మల్ కేంద్రాల కూలింగ్ టవర్లలో నీరు తిరిగీ తిరిగీ లవణాలు చిక్కబడతాయి. ఆ నీటిని కొంత కొంత బయటికి వదిలి, కొత్త నీళ్లు పోస్తుండాలి. ఆ వదిలే ఉప్పునీటిని శుద్ధి చేయడానికి కావాల్సిన వేడి అదే ఆవరణలోని పొగగొట్టంలోంచి ఉత్తపుణ్యానికి పోతోంది. పొగ వేడితో నీటినంతా కాకపోయినా కొంతైనా తిరిగి వాడుకోవచ్చు, గోదావరి నుంచి అంత తక్కువ తోడుకోవచ్చు.

అసలు రోగం మన లెక్కల్లోనే ఉంది. బిల్లు పడేదాన్నే కొలుస్తాం, పారబోసేదాన్ని కొలవం. హనుమకొండలో ఏ కాలనీలోనైనా ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ఆర్వో ప్లాంటు వెనక్కి వెళ్లి చూడండి. ముందు పైపు క్యాన్‌లోకి, వెనక పైపు సైడు కాలువలోకి. ఆ వెనక పైపుకు మీటరుండదు. థర్మల్ కేంద్రాలదీ ఇదే తీరు. యూనిట్ కరెంటుకు ఎన్ని కేలరీల వేడి ఖర్చయిందో విద్యుత్ నియంత్రణ మండలికి చెబుతారు, ఛార్జీలు దాని మీదే తేలతాయి. బయటికి పోయిన వేడి ఎన్ని డిగ్రీల దగ్గర పోయిందో, దాంతో ఏం చేయొచ్చో మాత్రం ఎవరూ అడగరు.

మండలి అడగాలి. చెల్పూరు, జైపూర్ కేంద్రాలు ఈసారి ఛార్జీల పిటిషన్ వేసినప్పుడు పొగ వేడి, వదిలే నీరు, ఈ రెండింటి లెక్కా జతచేయమని షరతు పెట్టాలి. వరంగల్ ఎన్ఐటీ ఇక్కడే ఉంది. ఆ లెక్క సరిచూసే పని దానికి అప్పగించాలి.