జాలికి వయోపరిమితి

అనాథాశ్రమంలో కేకు కోసేవారికి మన పట్టణాల్లో కొదవ లేదు. బిడ్డ పుట్టినరోజుకు ఒకరు, తండ్రి వర్ధంతికి ఒకరు, నాయకుడి జన్మదినానికి ఒక మందీమార్బలం. పండ్లు, దుప్పట్లు, ఫోటోలు. అదే ఆశ్రమం నుంచి పద్దెనిమిదేళ్లు నిండి బయటికొచ్చిన కుర్రాడికి పడుకోవడానికి ఓ చోటు చూపిద్దామని నలుగురు పూనుకుంటే మాత్రం కాలనీ సంఘం అత్యవసర సమావేశం పెడుతుంది. ఇల్లు లేని యువతకు ఆశ్రయ కేంద్రం అన్న మాట చెవిన పడగానే మున్సిపల్ కార్యాలయానికి వినతిపత్రం వెళుతుంది, కార్పొరేటరుకు ఫోను వెళుతుంది, భవన యజమాని తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాడు. ఈ తంతు చూసి చూసి విసిగి ఈ మాటలు రాస్తున్నాం.

బాలల న్యాయ చట్టం లెక్క సులువైనదే. పద్దెనిమిది నిండేదాకా అతడు బాలుడు, ప్రభుత్వ సంరక్షణలో ఉంటాడు. ఆ మరునాడు మేజరు. సంచీ సర్దుకోవాలి. అదే వయసులో ఇంట్లో పెరిగిన పిల్లవాడు మార్కుల కోసం తిట్లు తింటూ, అమ్మ కలిపిన అన్నం తింటూ ఉంటాడు. పాతికేళ్లు దాటినా పోటీ పరీక్షల పేరుతో నాన్న జీతం మీద ఉంటే తప్పుపట్టేవారు లేరు, పట్టకూడదు కూడా. ఎవరూ లేనివాడు మాత్రం ఒక్క రాత్రిలో పెద్దవాడైపోయి అద్దె గది, పని, ఆధార్‌లో కొత్త చిరునామా అన్నీ చక్కబెట్టుకోవాలి. అందరూ ఉన్నవాడికి ఏళ్ల గడువు, ఎవరూ లేనివాడికి తెల్లవారేలోపు.

చట్టం రాసినవారికి ఈ సంగతి తెలియదని కాదు. 2015 చట్టంలోని 46వ సెక్షన్ అందుకే ఉంది. సంస్థ విడిచి వెళ్లేవారికి సమాజంలో కుదురుకోవడానికి ఆర్థిక సాయం అందించవచ్చు అంటుంది. ‘వచ్చు’. ఆ రెండక్షరాల సందులోంచి ఎంతమంది జారి ఫుట్‌పాత్ మీద పడ్డారో! 2016 నాటి నమూనా నియమాలు ఈ అనంతర సంరక్షణకు 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 ఏళ్ల వరకు వీలు కల్పించాయి. కేంద్రం బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఈ సాయం నెలకు రూ.4,000 అన్నాయి. అమీర్‌పేటలో భోజనంతో కలిపి హాస్టల్లో మంచం ఎంతో ఆ అంకె వేసినవారు ఒకసారి వాకబు చేస్తే బాగుండేది. ఇక ఆడపిల్లల విషయానికొస్తే, వయసు రాగానే సంబంధం చూసి, అధికారుల సమక్షంలో అక్షింతలు వేయించి పంపేయడమే పునరావాసమన్న ఆలోచన మన వ్యవస్థను ఇంకా వదలలేదు. ఆ సంబంధం చెడితే పుట్టిల్లు ఏదని అడిగేవారుండరు.

పద్దెనిమిది నిండితే దక్కేది ఒకటి ఉంది, ఓటు. ఇల్లు లేనివారిని ఓటరుగా నమోదు చేయడానికి చిరునామా పత్రం అక్కర్లేదని ఎన్నికల సంఘం నిబంధన. బూత్ స్థాయి అధికారి ఒకటికి రెండు రాత్రులు వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసి వెళితే చాలు. ఆ నిబంధనను మేము మెచ్చుకుంటాం. అయితే ఓటు కోసం రాత్రిపూట ఫ్లైఓవర్ కిందికి వెతుక్కుంటూ రాగల ప్రభుత్వానికి, అదే దారిలో ఒక మంచం తీసుకురావడం ఎందుకు చేతకావడం లేదు?

ఇన్నాళ్లూ వీరి మీద జాలి పడిందీ ఈ సమాజమే. 2015 నుంచి ఏటా పోలీసులు పిల్లలను వెతికి రక్షించే కార్యక్రమాలు, జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతున్నాయి. స్టేషన్లలో, ఇటుక బట్టీల్లో, కార్ఖానాల్లో దొరికిన పిల్లలను వరుసగా నిలబెట్టి ఎంతమందిని రక్షించారో లెక్క చెబుతారు. పత్రికలు ఆ లెక్కను ఫోటోతో సహా అచ్చువేస్తాయి. వేలు ఇటు చూపినా మేము కాదనం. పదేళ్ల కింద ఆ ఫోటోలో ఉన్న పిల్లవాడికి ఇప్పుడు ఇరవై దాటి ఉంటుంది. అతడు ఎక్కడున్నాడో పోలీసులు చెప్పరు, మేము అడగలేదు. అతడిప్పుడు వార్తగా మారాలంటే ఏదో ఒక కేసులో అనుమానితుడు కావాలి.

కాలనీవాసుల భయాలు పూర్తిగా అర్థం లేనివని అనం. ఆడపిల్లలున్న ఇళ్లు, రాత్రిపూట రాకపోకలు, మత్తు పదార్థాల బెడద: వీటి గురించి అడిగే హక్కు వారికి ఉంది. నిర్వాహకులు జవాబు చెప్పాలి, పర్యవేక్షణ ఉండాలి. అంతవరకే. అదే వీధి మలుపులో మద్యం దుకాణం, దాని పక్కనే పర్మిట్ గది వెలిసినప్పుడు ఈ సంఘాల్లో ఎన్ని అత్యవసర సమావేశం పెట్టాయి? ఫంక్షన్ హాలులో మన పెళ్లికి తెల్ల చొక్కా వేసుకుని వడ్డించిన కుర్రాళ్లలో, అర్ధరాత్రి గిన్నెలు సర్దాక బస్టాండు బెంచీ మీద నడుం వాల్చేవారు ఉన్నారు. విస్తరి ముందు నిలబడితే పనివాడు, వీధిలో నిద్రపోతే నేరస్థుడా?

ఈ బుద్ధి కాలనీలకే పరిమితమైతే సర్దిచెప్పవచ్చు. ప్రభుత్వాలకూ అదే అలవాటు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్నారనగా హైదరాబాద్‌లో భిక్షాటనను రెండు నెలలపాటు నిషేధించారు. దొరికినవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని పునరావాస కేంద్రాలకు తరలించారు. అతిథి కంట పడకూడదని నిరుపేదకు చూపిన నీడ అది, అదీ జైలు గోడ నీడ! ఒక మహానగరం అధికారికంగా అలా చేశాక, మా అపార్ట్‌మెంటు కిటికీలోంచి వీళ్లు కనిపించకూడదని సంఘం కార్యదర్శి అనడంలో వింతేముంది?

చేయాలనుకున్నవారు చేసి చూపించారు. నాలుగు దిక్కుల రైళ్లూ కలిసే విజయవాడలో, ఆ రైళ్లలో ఇల్లు విడిచి వచ్చిన పిల్లల కోసం సలేషియన్ క్రైస్తవ సంఘం ఫాదర్లు 1989లో నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ పాఠశాలల ఖాళీ గదులనే వీధి బాలికల ఇళ్లుగా మలిచిన రెయిన్‌బో హోమ్స్ ఉన్నాయి. కొత్త భవనం కట్టాలని ఎదురుచూడకుండా, బడి గంట కొట్టాక తాళం పడే గదుల్లో దీపం వెలిగించిన ఆలోచన అది. పద్దెనిమిది దాటినవారికీ ఇలాంటి ఆలోచనే కావాలి. ఓ మంచం, తాళం వేసుకునే పెట్టె, ఉత్తరం వస్తే అందుకునే చిరునామా, జ్వరం వస్తే అడిగే మనిషి. రెండుమూడేళ్లు ఇవి దొరికితే డ్రైవింగ్ నేర్చుకున్నవాడు డ్రైవరవుతాడు, ఐటీఐలో చేరినవాడు మధ్యలో మానడు. వయసు మళ్లినవారితో, జబ్బుపడినవారితో, తాగి వచ్చేవారితో ఒకే హాలులో పడుకోబెట్టే మామూలు రాత్రి బస కేంద్రంలో ఇది కుదరదు. యువతకు విడిగా కేంద్రం కావాలని అడిగేది అందుకే.

మామూలు కేంద్రాలైనా ఉన్నాయా అంటే, అదీ లేదు. లక్ష పట్టణ జనాభాకు ఒక శాశ్వత ఆశ్రయ కేంద్రం ఉండాలన్నది సుప్రీంకోర్టు ఆదేశాల నుంచి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాకా అందరూ ఒప్పుకున్న ప్రమాణం. 2011 లెక్కల్లోనే హైదరాబాద్ మహానగరపాలక సంస్థ జనాభా 67 లక్షలు దాటింది. ఆ లెక్కన ఉండాల్సిన కేంద్రాల్లో సగం కూడా లేవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లు లేనివారు 1.45 లక్షల మందని అదే జనగణన తేల్చింది. అదీ ఒక్క రాత్రి తిరిగి లెక్కించిన సంఖ్య. మరో విశేషం చూడండి. ఈ కేంద్రాలు రైల్వేస్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దగ్గరే ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి, పని దొరికేది అక్కడే గనుక. ‘ఊరి బయట పెట్టుకోండి, మేము కాదన్నామా’ అనేవారి ఉదారత ఏపాటిదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఊరి బయట తెల్లవారుజామున అడ్డా కూలీని ఎవరు పిలుస్తారు?

ఆ పట్టణ జీవనోపాధి మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. కొత్త పట్టణ పేదరిక నిర్మూలన పథకానికి తుదిరూపు ఇస్తున్నామని 2025 ఫిబ్రవరిలో, ఇళ్లు లేనివారి ఆశ్రయంపై విచారణలో, అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకు చెప్పారు. అదే విచారణలో, ఉచితాలతో పరాన్నజీవుల వర్గాన్ని తయారు చేయడం లేదా అని ధర్మాసనం ప్రశ్నించింది. న్యాయస్థానం మీద గౌరవంతోనే అంటున్నాం, ఆ ప్రశ్న ఎన్నికల ప్రణాళికలు రాసేవారిని అడగాల్సింది. పగలంతా సిమెంటు తట్ట మోసి రాత్రి ఫుట్‌పాత్ మీద ఒళ్లు వాల్చే ఇరవయ్యేళ్లవాడిని కాదు.

దాతలు ముందుకొస్తున్నారు కదా అని ప్రభుత్వాలు చేతులు దులుపుకొంటే మేము ఒప్పుకోం. సాయంత్రం మూతపడే మున్సిపల్ భవనాలు ప్రతి పట్టణంలో ఉన్నాయి. వాటి తాళంచెవి ఇవ్వండి, కరెంటు బిల్లు కట్టండి, 46వ సెక్షన్‌లోని ‘వచ్చు’ను మీ రాష్ట్ర నిబంధనల్లో ‘తీరాలి’గా మార్చండి. కాలనీ సంఘాల అభ్యంతర పత్రాలు రాగానే వణికిపోయి దస్త్రం అటకెక్కించే కమిషనర్లు, ఆ పత్రాలు దుకాణాల లైసెన్సులకు ఎన్నడూ అడ్డురాలేదన్న సంగతి గుర్తుచేసుకోవాలి.

ఇక కాలనీ పెద్దలకు ఒక మాట. ఈసారి కేకు పట్టుకుని ఆశ్రమానికి వెళ్లినప్పుడు, వరుసలో చివర నిలబడి చిన్నపిల్లలకు ప్లేట్లు అందిస్తున్న పదిహేడేళ్లవాడిని పక్కకు పిలవండి. వచ్చే ఏడాది ఈపాటికి ఎక్కడ ఉంటావు బాబూ అని అడగండి. అతని జవాబు పూర్తిగా వినండి. అభ్యంతర పత్రం మీద సంతకం ఆ తర్వాత పెడుదురుగాని.