మోకాలి దాకా అందింది!

మొన్న గుంటూరు బ్రాడీపేటలో మా అబ్బాయి చదివే స్కూల్లో ఫిట్‌నెస్ పరీక్ష పెట్టారు. కాళ్లు బారజాపి కూర్చుని, ముందుకు వంగి, పెట్టె మీది స్కేలు వెంట వేళ్లు జరపాలి. సిట్ అండ్ రీచ్ అంటారట. మావాడి చేతులు మోకాళ్ల దగ్గరే మొరాయించాయి. రిపోర్టులో కారణం కూడా రాసి పంపారు: ‘కోవిడ్ గ్యాప్’. అప్పుడు వాడు మూడో తరగతి. ఇప్పుడు తొమ్మిది.

అన్యాయంగా మాట్లాడకూడదు. 2020 మార్చిలో బడులు మూశారు. మధ్యలో కొన్నాళ్లు తెరిచి, 2021 ఏప్రిల్‌లో మళ్లీ మూసి, ఆగస్టు 16న తీశారు. అన్నాళ్లు మంచం మీద ముడుచుకుని ఫోన్ చూస్తే తొడ వెనక కండరాలు బిగుసుకోవా మరి?

పాపం, వీళ్లు ఆన్‌లైన్ డ్రిల్లు కూడా పెట్టారు. పీఈటీ సార్ ఈల ఊదితే, జూమ్ దాన్ని గోల అనుకుని మింగేసేది. ఆయన బుగ్గలు ఉబ్బడం చూసి పిల్లలు లేచి నిలబడేవారు. ‘టచ్ యువర్ టోస్’ అనగానే నలభై తలలు మాయం. తెర మీద నలభై సీలింగ్ ఫ్యాన్లు. మావాడు వంగి మంచం కింది జంతికల డబ్బా అందుకునేవాడు. లేచేసరికి దవడ ఆడుతుండేది. ‘వెరీగుడ్, నాలుగు రౌండ్లు పరిగెత్తండి’ అనేవారు సార్. మా హాల్లో రౌండంటే సోఫా, టీవీ, వాళ్ల నానమ్మ. మూడో రౌండులో నెట్ పోయేది. గాల్లో ఒక కాలు లేపి ఆగిపోయిన మావాడి బొమ్మనే ‘ఎక్సలెంట్ బ్యాలెన్స్’ అని గ్రూపులో పెట్టారు.

సరే, కరోనా పోయింది. మీ గ్రౌండు ఏదండీ? 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. మీకున్నది నాలుగంతస్తుల మేడ, సెల్లార్‌లో బైకులు. పిల్లలు రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటుంటే, మీరిచ్చేది వారానికి ఒక్క పీరియడు. అదీ లెక్కల సార్ లాక్కుంటాడు. స్పోర్ట్స్ ఫీజు మాత్రం లాక్‌డౌన్‌లోనూ వదల్లేదు! పొద్దున ఏడింటి నుంచి ఐఐటీ ఫౌండేషనని పసివాళ్లని బల్లకి కట్టేసి, ఆ కాళ్లు కొయ్యబారితే నేరం వైరస్ మీదకు తోస్తారా? సిగ్గుండాలి.

ఇదే మాట వెళ్లి అడిగాను. ప్రిన్సిపాల్ గారు నొచ్చుకోలేదు.

“రీటెస్ట్ పెడదాం సార్, ఆదివారం పంపండి.”

“డ్రిల్లు పీరియడ్లోనే పెట్టొచ్చుగా?”

“అందులో స్లిప్ టెస్ట్ ఉంది సార్.”