న్యోల్ వంశపు గుర్రం, తెనాలి సారథి

ఫ్యోర్డ్ గుర్రం గురించి నార్వేలో ఎవర్ని అడిగినా మొదట వచ్చే మాట ఒకటే, చాలా నెమ్మదైన గుర్రమండీ అని. నెమ్మదైన మనుషులు మన ఇళ్ళల్లోనూ ఉంటారు. పిలిస్తే పలుకుతారు, గొడవ పడరు, ఎదురు చెప్పరు, చివరికి చేసేది మాత్రం వాళ్ళనుకున్నదే. ఈ గుర్రాలది కూడా అచ్చం ఆ నెమ్మదే.

ఎండాకాలంలో అక్కా బావా ఓస్లో వస్తే ఫ్యోర్డులు, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చే సముద్రపు పాయలు, చూపిద్దామని పడమటి తీరానికి తీసుకెళ్ళాను. అక్కడ ఒక ఫారంలో గుర్రబ్బండి తోలడం, గుర్రాన్ని పరీక్షించి మార్కులు వేయడం ఒక్కరోజులో రుచి చూపిస్తారంటే ముగ్గురి పేర్లూ ఇచ్చేశాను. "నాకు నేర్పేదేముందిరా, చిన్నప్పుడు తెనాలి స్టేషన్ నుంచి ఇంటికి జట్కాలోనేగా వచ్చేది" అన్నాడు బావ. వచ్చిన మాట నిజమే, వెనకాల కూర్చుని.

ఫారం ఆవిడకు అరవై దాటి ఉంటాయి, మనిషి గట్టిది. బ్లాకెన్ అనే గుర్రాన్ని బయటికి తెచ్చి నిలబెట్టింది. లేత గోధుమరంగు ఒళ్ళు, మెడ నుంచి తోక దాకా వీపు మీద నల్లటి చార, కాళ్ళ మీద లీలగా జీబ్రా గీతలు. జూలు మధ్యలో నలుపు, రెండు పక్కలా తెలుపు. తెలుపు వెంట్రుకల్ని కాస్త పొట్టిగా కత్తిరిస్తే మధ్య నల్లగీత పైకి తేలి మెడ నెలవంకలా కనిపిస్తుంది. మెడ సన్నగా ఉన్నా కటింగ్‌తో కప్పిపుచ్చేవాళ్ళుంటారు, చేత్తో తడిమి చూడండి అని హెచ్చరించింది కూడా. ఈ జాతి ఎత్తు 135 నుంచి 150 సెంటీమీటర్లే, బరువు మాత్రం 400 కిలోల పైమాటే. నూటికి తొంభై ఈ గోధుమరంగువేనట. ఇవాళ ఉన్న ఫ్యోర్డ్ గుర్రాలన్నీ 1891లో పుట్టిన న్యోల్ 166 (166 అంటే వంశావళి పుస్తకంలో నంబరు) అనే మగగుర్రం సంతతే అని ఆవిడ గర్వంగా చెబుతుంటే బావ మొహంలో కంగారు మొదలైంది. "అయితే అన్నీ సగోత్రాలే కదమ్మా, మరి సంబంధాలెట్లా?" ఆవిడకు నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. అందుకే వంశవృక్షం చూసి గానీ జత కుదర్చం అంది. బావ తృప్తిగా తలాడించాడు, మాట్లాడాల్సిన మనిషితోనే మాట్లాడుతున్నట్టు.

తర్వాత తోలు సామాను తగిలించడం. మెడకు పట్టెడ, బండి లాగడానికి పక్కపట్టీలు, తొడల వెనక నుంచి చుట్టి వచ్చే పట్టీ ఒకటి, దిగుడులో బండి గుర్రం మీదకు దూసుకురాకుండా ఆపేది అదే. కట్టడానికి ఒక వరస, విప్పడానికి దానికి తిరగేసిన వరస. గుర్రం బండికి ఉండగా కళ్ళెం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. పగ్గాలు పట్టుకునేవాడు అందరికన్నా ముందు ఎక్కాలి, ఆఖర్న దిగాలి. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, బావ వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు. దింపి, ముందు సీటెక్కించి పగ్గాలు చేతికిచ్చింది. ఆవిడ పక్కన, అక్కా నేనూ వెనక.

కాసేపు బాగానే నడిచింది. బావ నాలుకతో టక్ టక్‌మనడం, పగ్గాలతో గుర్రం వీపు మీద చరచడం, అంతా జట్కావాలా ఫక్కీ. ఆవిడ రెండుసార్లు చెయ్యి పట్టుకుని ఆపింది. పగ్గాలు మాట్లాడ్డానికి, కొట్టడానికి కాదట. చెర్నాకోల కూడా కొట్టడానికి కాదు, స్వారీ చేసేవాడు కాలితో చెప్పేది ఇక్కడ దాంతో తాకి చెప్పాలి. "మా జట్కా సుబ్బయ్య ఇవన్నీ పాటించి ఉంటే రైలు తప్పేది" అని బావ వెనక్కి తిరిగి మాతో అంటున్నాడు, అనడంలో చేతులు వదులయ్యాయి, వాటితో పాటు పగ్గాలు కూడా.

బ్లాకెన్ ఈ క్షణం కోసమే పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నట్టుంది. తల దించింది. పగ్గాలు బావ వేళ్ళలోంచి సర్రున జారాయి. తీరుబడిగా నాలుగడుగులు వేసి రోడ్డు పక్క పచ్చికలో మూతి పెట్టింది, బండి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. కొంచెం మేతకే ఒళ్ళు చేసే జాతి కాబట్టి ఫారంలో గడ్డి కొలిచి పెడతారు, ఈ లెక్క దానికీ తెలుసు.

ఒక క్యాంపర్ వ్యాన్ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి, తర్వాత ఒక బస్సు. మన దగ్గరైతే ఈపాటికి హారన్లతో చెవులు చిల్లులు పడేవి. ఇక్కడ ఒక్కరూ హారన్ కొట్టలేదు, అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. దిగి ఫొటోలు తీసుకోవడం మొదలెట్టారు. బావ పగ్గాలు లాగుతూ, "ప్త్రూ" అంటూ (అది ఆపడానికి అనే మాట, ఆగిన గుర్రాన్ని ఇంకా ఆపుతున్నాడు), వచ్చినవాళ్ళందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. గుర్రం నిమ్మకు నీరెత్తినట్టు నములుతోంది. ఫారం ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది, నేర్చుకునేవాడే తేల్చుకోవాలి అన్నట్టు.

చివరికి అక్క వెనకనుంచి, టీవీ ముందు నుంచి బావను భోజనానికి లేపే గొంతుతో, "చాల్లే, ఇంక పదండి" అంది. బావ ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు, ఆ ఊపుకి పగ్గాలు బిగుసుకున్నాయి, బ్లాకెన్ తలెత్తి నడక సాగించింది. ఎవర్ని చూసి ఎవరు కదిలారో నేనిప్పటికీ చెప్పలేను.

మధ్యాహ్నం మార్కుల కాగితాలిచ్చింది. తల, మెడ, వీపు, కాళ్ళ పొందిక, నడక, స్వభావం, ఒక్కోదానికి పదేసి. బావ ఉదారంగా అన్నిట్లో తొమ్మిదులేసి స్వభావం దగ్గర రెండు వేశాడు. ఆవిడ కాగితంలో స్వభావానికి తొమ్మిదిన్నర ఉంది. వెనక బస్సు, చుట్టూ కెమెరాలు, పైన అరిచే మనిషి, అయినా బెదరలేదు, తన్నలేదు, పరిగెత్తలేదు, ఇంతకన్నా ఏం కావాలి అంది. ఆ అర మార్కు కోత గడ్డికి.

బావ ఒప్పుకోలేదు, రీవాల్యుయేషన్ పెట్టమన్నాడు. అదేంటని ఆవిడ అడిగితే మార్కులు నచ్చకపోతే ఫీజు కట్టి మళ్ళీ దిద్దించుకోవచ్చని చెప్పాను. ఆవిడ కాస్త ఆలోచించి, సరే, ఫీజు ముందే కట్టాలి అని లోపలికెళ్ళి ఒక పార, తోపుడుబండి తెచ్చి బావ ముందు పెట్టి, బ్లాకెన్ కొట్టం వైపు చూపించింది.