పాస్ మార్కులు ఎన్నో పరీక్షయ్యాక చెబుతారట

"ప్రజలే తేల్చుకుంటారు లెండి." ఏదైనా ప్రాంతం దేశం నుంచి విడిపోవాలా వద్దా అన్న గొడవ వచ్చినప్పుడల్లా ఈ ఒక్క ముక్క అనేసి చేతులు దులుపుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రజలు తేల్చేది ఆఖర్న. ప్రశ్న ఎవరు రాస్తారు, ఓటు ఎవరికుంటుంది, ఎన్ని ఓట్లొస్తే గెలిచినట్టు అన్నవి అంతకుముందే చట్టసభల్లో తేలిపోతాయి. సగం ఆట అక్కడే అయిపోతుంది. కెనడా పార్లమెంటు ఇంకా ఘనం. అందులో మూడోదాన్ని తేల్చకుండానే చట్టం చేసేసింది.

కెనడాలోని అల్బర్టా ప్రావిన్సులో (ప్రావిన్సంటే మన రాష్ట్రం లాంటిది) వేర్పాటు మాటలు ఊపందుకున్నాక కాల్గరీ, ఎడ్మంటన్‌లలో ఉన్న మనవాళ్లు కూడా దీని గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నా. అసలు కథ మాత్రం ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ ప్రావిన్సుది.

1995 అక్టోబర్ 30. కెనడా నుంచి విడిపోవాలా అని క్యూబెక్‌లో రెండో రెఫరెండం, అంటే జనాన్నే నేరుగా అడిగే ఓటింగ్. 93 శాతం మందికి పైగా ఓటేశారు. "వద్దు" అన్నవాళ్లు 50.58 శాతం, "కావాలి" అన్నవాళ్లు 49.42. తేడా 54,288 ఓట్లు. ఆ రోజు చెల్లకుండా పోయిన ఓట్లేమో 86 వేలకు పైనే! గీసిన గుర్తు వంకరగా ఉందనో, సరిగ్గా పడలేదనో లెక్కింపు దగ్గర పక్కన పడేసిన కాగితాలున్నాయి. షొమెడే అనే నియోజకవర్గంలో వందకి పదకొండు ఓట్లకు పైగా చెల్లలేదు. అది "వద్దు" వైపు గట్టిగా మొగ్గిన చోటు. అనుమానాలు రాక చస్తాయా?

ఇక ప్రశ్న. కెనడాకి కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం లాంఛనంగా ప్రతిపాదించిన తర్వాత, క్యూబెక్ భవిష్యత్తుపై పెట్టిన బిల్లు పరిధిలో, 1995 జూన్ 12న సంతకాలైన ఒప్పందం పరిధిలో, క్యూబెక్ సార్వభౌమం కావడానికి మీరు ఒప్పుకుంటారా? ఇదీ బ్యాలెట్ మీద ఉన్నది. ఒక్క ఊపిరిలో చదవండి చూద్దాం. పైగా ఆ జూన్ 12 ఒప్పందం కెనడాతో కుదిరింది కాదు, వేర్పాటు కోరే ముగ్గురు నాయకులు వాళ్లలో వాళ్లు చేసుకున్నది. ఆ సంగతి తెలియనివాడు కెనడాతో ఏదో మాట అయిపోయిందిలే అనుకుంటే తప్పు వాడిదా? ఓడిన రాత్రి వేర్పాటు కోరిన క్యూబెక్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జాక్ పారిజో డబ్బు వల్ల, వలస జాతుల ఓట్ల వల్ల ఓడామన్నాడు. అక్కడి వలస కుటుంబాలకు ఆ మాట ఇప్పటికీ గుర్తే.

కాబట్టి రాజధాని ఒట్టావాలో కెనడా ప్రధాని ఝాన్ క్రెటియన్‌కి చెమటలు పట్టాయంటే అర్థముంది. సుప్రీంకోర్టుని అడిగారు. 1998లో కోర్టు చాలా తెలివైన అభిప్రాయం చెప్పింది: క్యూబెక్ ఏకపక్షంగా విడిపోలేదు, కానీ స్పష్టమైన ప్రశ్నకి స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా కెనడా చర్చలకు కూర్చోక తప్పదు. స్పష్టమైన మెజారిటీ అంటే ఎంత? అది రాజకీయ నాయకులు తేల్చుకోవాలంది.

నాయకులు తేల్చారా? 1999 డిసెంబర్‌లో మంత్రి స్టెఫాన్ డియోన్ బిల్లు పెట్టారు. 2000లో అది క్లారిటీ యాక్ట్ అయింది. ప్రశ్న బయటికొచ్చిన 30 రోజుల్లో అది స్పష్టంగా ఉందో లేదో కెనడా పార్లమెంటు దిగువ సభ హౌస్ ఆఫ్ కామన్స్ చెబుతుంది. ఇంతవరకూ నాకు పేచీ లేదు. 1995 నాటి ప్రశ్న లాంటిది మళ్లీ రాకూడదంటే ఎవరో ఒకరు చూడాల్సిందే. రెండో భాగం దగ్గరే అసలు కిరికిరి. ఓటింగ్ అయిపోయి, ఫలితం వచ్చి, ఎవరికెన్ని పడ్డాయో అందరికీ తెలిశాక, ఆ మెజారిటీ స్పష్టమైనదేనా అని అదే సభ అప్పుడు ఆలోచిస్తుందట. మెజారిటీ ఎంతో చూస్తుంది, మొత్తం ఓటర్లలో ఎంత శాతం ఓటేశారో చూస్తుంది, ఇంకా అవసరమనిపించినవన్నీ చూస్తుంది. అంకె మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. పరీక్ష రాయించి, పేపర్లు దిద్ది, మార్కులు చూశాక పాస్ మార్కులెన్నో చెబుతామనడం కాక ఇదేంటి? అదీ ఎవరు చెబుతారు, ఆ పరీక్షలో పిల్లాడు ఫెయిలవ్వాలని కోరుకునేవాళ్లు.

డియోన్ వాదన నాకు తెలుసు. ముందే ఒక అంకె పెడితే దానికి ఒక్క ఓటు అటూ ఇటూ అయినా దేశం తలరాత మారిపోతుంది, అందుకే పరిస్థితంతా చూసి నిర్ణయించాలి అని. వినడానికి బాగానే ఉంది. కానీ గీత చెప్పకపోయినంత మాత్రాన గీత లేకుండా పోదు కదా. అది ఆ రోజు అధికారంలో ఉన్నవాళ్ల మనసులో ఉంటుంది, అంతే తేడా. క్యూబెక్ విడిపోకూడదని గట్టిగా నమ్మిన మాజీ ప్రధాని జో క్లార్క్ కూడా ఈ బిల్లుని వ్యతిరేకించారు. క్యూబెక్ అసెంబ్లీ ఊరుకోకుండా అదే ఏడాది సగానికి ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలని తన చట్టం తాను చేసుకుంది. ఒకే దేశంలో ఒకే ఓటింగ్‌కి రెండు కొలతలు!

ఇంకో సంగతి. 1948లో న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో కలవడానికి రెఫరెండం పెడితే "కలుద్దాం" అన్నది 52 శాతం చిల్లర. అది స్పష్టమేనని 1949లో కలిపేసుకున్నారు. లోపలికి రావడానికి 52 చాలు, బయటికి వెళ్లడానికి ఎంతో చెప్పరు.

కఠినంగా పెట్టొద్దనడం లేదు నేను. 2006లో మాంటెనెగ్రో సెర్బియా నుంచి విడిపోవడానికి ఓటేసినప్పుడు యూరోపియన్ యూనియన్ పట్టుబట్టి 55 శాతం పెట్టించింది. అక్కడివాళ్లు గొణిగారు, కానీ ఒప్పుకుని బరిలోకి దిగారు. వచ్చింది 55.5. వెంట్రుకవాసిలో గట్టెక్కారు, అయినా మరుసటి నెలలో సెర్బియా గుర్తించింది. గీత ఎక్కడుందో అందరికీ ముందే తెలుసు గనక. 1979లో స్కాట్లాండ్‌కి సొంత అసెంబ్లీ విషయంలో బ్రిటన్ ఎంపీలు పెట్టిన 40 శాతం నిబంధన మాత్రం దుర్మార్గమనే అంటా. మొత్తం ఓటర్లలో 40 శాతం "అవును" అనాలన్నారు. పోలైన ఓట్లలో 51.6 శాతం వచ్చినా మొత్తం ఓటర్లలో 33 శాతం దాటలేదు, అసెంబ్లీ రాలేదు. ఇంట్లో కూర్చున్నవాడి ఓటు కూడా "వద్దు" ఖాతాలో పడ్డట్టే. కానీ అదైనా ఓటింగ్‌కి ముందే చెప్పారు, కెనడా చట్టం ఆ పాటి మర్యాద కూడా చూపలేదు.

"మా రాష్ట్రాన్ని విడగొట్టినప్పుడు ఎవరడిగారండీ" అని కింద కామెంట్ పెట్టబోయేవాళ్లకి ముందే చెబుతున్నా, అది దేశంలో రాష్ట్రాల విభజన, ఆర్టికల్ 3 ప్రకారం పార్లమెంటు చేసేది. అసెంబ్లీ కాదన్నా ఆగనక్కర్లేదు, ఆగలేదు కూడా. ఆ గొడవ వేరే రోజు పెట్టుకుందాం.

మళ్లీ అల్బర్టా. మా పిన్ని కూతురు కాల్గరీలో ఉంటుంది, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు. "మాకు ఓటెక్కడిది అన్నయ్యా, చూడ్డమే" అంది మొన్న. 2014లో స్కాట్లాండ్ స్వతంత్రం కావాలా అని ఓటింగ్ పెట్టినప్పుడు అక్కడుంటున్న కామన్వెల్త్ పౌరులకి, అంటే ఇండియా పాస్‌పోర్టుతో గ్లాస్గోలో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లకి కూడా ఓటిచ్చారు. పదహారేళ్ల పిల్లలకీ ఇచ్చారు. ప్రశ్నని ఎన్నికల సంఘం జనం మీద పరీక్షించి, మొగ్గు చూపిస్తోందని ఒక ముక్క తీయించింది. ఇవన్నీ ముందే కుదిరాయి. 55 శాతం "వద్దు" అన్నాక ఓడినవాళ్లు ఫలితాన్ని తిట్టుకున్నారేమో గానీ లెక్క తప్పని అనలేకపోయారు.

అల్బర్టాలో 2025లో చేసిన మార్పేంటంటే, జనం పిటిషన్ పెట్టి రెఫరెండం కోరడానికి కావాల్సిన సంతకాల సంఖ్య బాగా తగ్గించారు. తలుపు దగ్గర అంకె మార్చారు సరే, లోపల గెలుపు అంకె ఏదని అడిగితే మళ్లీ ఒట్టావా వైపే చూడాలి, క్లారిటీ యాక్ట్ అన్ని ప్రావిన్సులకీ వర్తిస్తుంది కాబట్టి. అక్కడున్న మనవాళ్లలో పౌరసత్వం వచ్చి, ఓటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మీ ఎంపీ దీపావళి ఫంక్షన్‌కి వచ్చి సెల్ఫీలు దిగుతాడు కదా, విడిపోవాలా వద్దా అని అడక్కండి, ఎటూ తప్పించుకుంటాడు. "ఎంత శాతం వస్తే మీరు స్పష్టమంటారు సార్?" అని అడగండి. ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయండి.