పాత గాజుకి ఇదేం గతి?
అమెరికా నుంచి పాత గాజు ఇన్సులేటర్ (టెలిఫోన్ స్తంభాల మీద తీగల్ని పట్టి ఉంచే గాజు దిమ్మె) తెప్పించుకోవాలంటే మాలాంటి సేకర్తలకి టెన్షనే. ఇండియానా రాష్ట్రం మన్సీలో తయారైన హెమింగ్రే-42 అనే మోడల్, స్తంభం మీద ఏళ్లకేళ్లు ఎండావానల్ని తట్టుకున్న వస్తువు. దాన్ని ఒక్క పొర కాగితంలో చుట్టి పంపిస్తారా? కింది అంచు, దానికుండే గాజు బొడిపెలతో సహా పగిలిపోయి వచ్చింది! వస్తువు ధర కంటే పోస్టల్ ఖర్చే ఎక్కువ, పైన కస్టమ్స్ సుంకం.

అంతకన్నా మండేది రంగు మోసం. మాంగనీస్ కలిసిన రంగులేని గాజు ఏళ్ల తరబడి ఎండ తగిలి మెల్లగా లేత ఊదాకి తిరుగుతుంది. ఆ అందం కోసమే కదా మేం వెతికేది! కొందరు రేడియేషన్ పెట్టించి ముదురు ఊదా చేసేసి, అరుదైన రంగంటూ అమ్ముతున్నారు. అసలు గాజుని అలా పాడుచేసే హక్కు వీళ్లకెవరిచ్చారు? కనీసం ఆ సంగతి ముందే చెప్పి అమ్మండి.